అమ్మానాన్నల ఫోన్, బ్యాంకు ఖాతా: మోసగాడి చేతికి చిక్కినా పోయేది తక్కువగా ఉండాలంటే ఏమేం మార్చాలి?

#1 కృష్ణాతీరం

"ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు" అని చెప్పని బ్యాంకు లేదు. ఫోన్ చేస్తే రింగు బదులు కూడా అదే వినిపించారు. అయినా డబ్బు పోతూనే ఉంది. అవతలివాడు ముందు భయమో తొందరో పుట్టిస్తాడు, ఆ పది నిమిషాల్లో ఎంత తెలిసినవాళ్లకైనా బుర్ర పనిచేయదు. అందుకే ఇక్కడ హెచ్చరికలు కాకుండా, తీరికగా ఉన్న రోజున ఒకసారి కూర్చుని చేసిపెట్టే మార్పులు రాద్దాం. మనిషి పొరపడ్డా ఖాతా ఖాళీ కాకూడదు.

నా వంతు ముందు రాస్తాను. పింఛను, పంట డబ్బు, అద్దెలు పడే ఖాతాకు యూపీఐ ఉండకూడదు. రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా తెరిచి, నెలకు ఐదు నుంచి పది వేలు అందులో వేసి, ఫోన్‌పే అయినా గూగుల్ పే అయినా దానికే కట్టాలి. ఆ రెండో ఖాతా వేరే బ్యాంకులో ఉండాలి. అదే బ్యాంకులో తెరిస్తే రెండూ ఒకే కస్టమర్ ఐడీ కిందికి వస్తాయి. బ్యాంకు యాప్‌లోకి దూరినవాడికి రెండూ కనిపిస్తాయి, ఇందులోంచి అందులోకి మార్చుకోవడానికి అర నిమిషం చాలు.

మిగతాది మీరు చేర్చండి. ఎవరెవరికి ఏ విషయం బాగా తెలిస్తే అది.

#2 కౌంటర్_నంబర్_3

బ్యాంకు వైపు నుంచి చెబుతాను. సేవింగ్స్‌లో ఇరవై వేలే ఉన్నాయి, ఏం పోతుందిలే అనుకునే ఇళ్లలో ఎక్కువ పోయేది ఫిక్సెడ్ డిపాజిట్. బ్యాంకు యాప్ చేతికి వస్తే డిపాజిట్‌ను గడువు కంటే ముందే ఆన్‌లైన్‌లో రద్దు చేయొచ్చు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీగా అప్పు) తీయొచ్చు. బ్యాంకు ముందే మంజూరు చేసి ఉంచిన (ప్రీ అప్రూవ్డ్) పర్సనల్ లోన్ ఉంటే అదీ నిమిషాల్లో ఖాతాలో పడుతుంది. అంటే ఉన్నది పోవడమే కాదు, లేని అప్పు కూడా నెత్తిన పడుతుంది.

బ్రాంచికి వెళ్లి ఒక తెల్లకాగితం మీద మూడు సంగతులు రాసివ్వండి. డిపాజిట్లను ఆన్‌లైన్‌లో రద్దు చేసే వీలు తీసేయమని ఒకటి, ప్రీ అప్రూవ్డ్ లోన్లు వద్దని ఒకటి, ఇంటర్నెట్ బ్యాంకింగ్ వాడకపోతే పూర్తిగా ఆపేయమని ఒకటి. రెండో ప్రతి మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవడం మరవొద్దు. డిపాజిట్ ఆన్‌లైన్ రద్దు ఆపే వీలు కొన్ని బ్యాంకుల్లో లేదు. అలాంటప్పుడు మొబైల్ బ్యాంకింగే నమోదు చేయని బ్యాంకులోకో పోస్టాఫీసుకో ఆ డిపాజిట్ మార్చుకోవడం మేలు.

ఏటీఎం కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, ట్యాప్ చేసి కట్టడం విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే సౌకర్యం ఉండాలని రిజర్వు బ్యాంకు 2020లోనే అన్ని బ్యాంకులకూ చెప్పింది. పెద్దవాళ్ల కార్డుకు ఏటీఎం, దుకాణం మెషీన్ తప్ప మిగతావన్నీ ఆఫ్. ఏటీఎం పరిమితి కూడా ఐదు వేలకు దించవచ్చు.

ఇంకో చిన్న పని. ఖాతాకు ఈమెయిల్ నమోదు చేయించి, దాని దగ్గర పిల్లల మెయిల్ ఇవ్వండి. ఎస్సెమ్మెస్ అమ్మ ఫోన్‌కు వెళ్తుంది, మెయిల్ మీకు వస్తుంది. దొంగ యాప్ ఆమె ఫోన్‌లో మెసేజ్‌లు దాచేసినా మీకు తెలుస్తుంది.

#3 సుజాత_కర్నూలు

> రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా తెరిచి...

చెప్పినంత సులువు కాదండి. రెండు పాస్‌బుక్కులు, రెండు కార్డులు, రెండు పిన్నులు అంటే డెబ్బై ఏళ్ల మనిషికి భారం. మినిమమ్ బ్యాలెన్స్ లేక కోత పడితే అదో గొడవ. మీరు చెప్పింది తప్పనడం లేదు, అందరికీ కుదరదంటున్నా.

కుదరనివాళ్లకు యూపీఐ సర్కిల్ ఉంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2024 ఆగస్టులో దీన్ని తెచ్చింది. ఖాతా కొడుకుదో కూతురిదో ఉంటుంది, అమ్మ ఫోన్‌లో యూపీఐ యాప్ ఉంటుంది కానీ ఆమె బ్యాంకు ఖాతా దానికి కట్టి ఉండదు. రెండు పద్ధతులున్నాయి. పూర్తి అనుమతి ఇస్తే ఆమె తనంతట తాను కట్టుకోవచ్చు, ఒక్కోసారి గరిష్ఠంగా 5,000, నెలకు 15,000 దాటదు. పాక్షిక అనుమతి ఇస్తే ఆమె స్కాన్ చేసిన ప్రతిసారీ మన ఫోన్‌కు అభ్యర్థన వస్తుంది, మనం పిన్ కొడితేనే వెళ్తుంది. కూరగాయలు, మందుల షాపు, ఆటో వీటికి పూర్తి అనుమతే మంచిది, నెల పరిమితిని మూడు నాలుగు వేలకు దించి పెట్టుకోండి. ప్రతి పది రూపాయలకూ ఆఫీసులో ఉన్న కొడుకు పిన్ కొట్టాలంటే ఆ ఏర్పాటు వారం కూడా నిలవదు.

#4 ఆండ్రాయిడ్_అన్న

రెండు ఖాతాల పద్ధతిలో ఒక చిల్లు ఉంది. రెండింటికీ ఒకే మొబైల్ నంబర్ ఇస్తే లాభం సగమే. యూపీఐ యాప్‌లో బ్యాంకు పేరు ఎంచుకోగానే ఆ నంబర్‌కు కట్టి ఉన్న ఖాతాను అదే వెతికి తెస్తుంది. అది ఏ బ్యాంకైనా సరే. కాబట్టి పెద్ద డబ్బున్న ఖాతాకు వేరే సిమ్ ఇవ్వండి, ఆ సిమ్‌ను మామూలు బటన్ల ఫోన్‌లో పెట్టి ఇంట్లో ఉంచండి. అందులో ఏ దొంగ యాప్ ఎక్కదు. రీచార్జి మాత్రం ఆపొద్దు, ఆపేస్తే కొన్నాళ్లకు ఆ నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తారు, వాళ్లకు మీ ఓటీపీలు వెళ్తాయి.

ఇక ఫోన్ సంగతి. ఇప్పుడు ఊళ్లను పట్టి పీడిస్తున్నది ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు. వాట్సాప్‌లో "ఆర్టీఓ చలాన్" అనే పేరుతో చివర డాట్ ఏపీకే అని ఒక ఫైలు వస్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే చిక్కి ఉంటుంది. పేర్లు మారుతుంటాయి: పీఎం కిసాన్ జాబితా, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు. అసలు చలాన్ ఎప్పుడూ యాప్ రూపంలో రాదు, పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో బండి నంబర్ కొట్టి చూసుకోవాలి.

ఆ ఫైలు నొక్కితే ఎస్సెమ్మెస్ చదివే అనుమతి, పంపే అనుమతి అడుగుతుంది. పంపే అనుమతి ఎందుకో చాలామందికి తెలియదు. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో మొదలయ్యేటప్పుడు ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్తుంది. ఈ నంబర్ ఈ ఫోన్‌లోనే ఉందని బ్యాంకు నమ్మేది దాన్ని చూసే. దొంగ తన ఫోన్‌లో యూపీఐ తెరిచి, ఆ ఎస్సెమ్మెస్‌ను మాత్రం మీ ఫోన్ నుంచి పంపిస్తాడు. ఇక యూపీఐ పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. అందుకే ఆ యాప్ లోపల "ఒక్క రూపాయి కట్టండి" అంటూ కార్డు వివరాల ఫారం పెడతారు. ఓటీపీ మనల్ని అడగక్కర్లేదు, వచ్చిన మెసేజ్‌లోంచి అదే చదువుకుంటుంది. "నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు" అని బాధితులు మొత్తుకునేది నిజం. ఇంట్లోవాళ్లు దాన్ని నమ్మకుండా తిట్టడం అన్యాయం.

చేయాల్సిన సెట్టింగులు ఇవి. కంపెనీని బట్టి పేర్లు కొంచెం అటూఇటూ ఉంటాయి.

సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ ఆఫ్ ఉండాలి.

ప్లే స్టోర్‌లో పైన బొమ్మ నొక్కితే ప్లే ప్రొటెక్ట్ వస్తుంది. ఆన్‌లో ఉందో లేదో చూడండి. బయటి నుంచి వచ్చి ఎస్సెమ్మెస్ అనుమతులు అడిగే యాప్‌లను ఇది అడ్డుకుంటుంది. ఎవరైనా ఫోన్‌లో "ప్లే ప్రొటెక్ట్ ఆపండి, అప్పుడే ఇన్‌స్టాల్ అవుతుంది" అన్నారంటే అవతల ఉన్నది దొంగే, అందులో రెండో మాట లేదు.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి, డౌన్‌లోడెడ్ యాప్స్ కింద ఏవైనా ఆన్‌లో ఉన్నాయా చూడండి. ఈ అనుమతి ఉన్న యాప్ తెర మీదున్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. అవసరం ఉన్నవాళ్లకు తప్ప ఇక్కడ ఏదీ ఆన్‌లో ఉండకూడదు.

వాట్సాప్‌లో నాలుగు. అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ ఇవ్వండి. ప్రైవసీలో కాల్స్ కింద తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయండి. గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అన్నచోట మై కాంటాక్ట్స్ పెట్టండి. స్టోరేజ్‌లో డాక్యుమెంట్లు వాటంతట అవే దిగకుండా ఆపండి. తర్వాత లింక్డ్ డివైసెస్ తెరిచి, మీది కాని కంప్యూటర్ కనిపిస్తే లాగౌట్ చేయండి.

ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్ క్విక్ సపోర్ట్ లాంటివి ఉంటే తీసేయండి. అవి మంచి యాప్‌లే, పెద్దవాళ్ల ఫోన్‌లో మాత్రం ఉండాల్సిన అవసరం లేదు.

#5 ఓరుగల్లు_భాస్కర్

మంచిగ చెప్పిన్రు అన్నా. కాల్ ఫార్వర్డింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, అది నేను చెప్త.

కొరియర్ పిల్లగాడిని అంటడు, అడ్రస్ దొరకుతలేదు, డెలివరీ బాయ్‌తోని మాట్లాడాలంటే గీ నంబర్ కొట్టున్రి అంటడు. అది *21* తోనో *401* తోనో మొదలైతది, ఎనక ఒక ఫోన్ నంబర్ ఉంటది. కొట్టినమంటే మనకొచ్చే కాల్స్ అన్నీ ఆ నంబర్‌కు పోతయి. కాల్స్ పోతే ఏమైతది అనుకోవద్దు. వాట్సాప్ ఓటీపీని ఫోన్ కాల్ చేసి కూడా చెప్తది, బ్యాంకు అనుమానం వచ్చి చేసే కాల్ కూడా వాడే ఎత్తుకుంటడు. 2024 ఏప్రిల్ 15 నుంచి గిట్ల కోడ్ కొట్టి ఫార్వర్డ్ చేసుడు ఆపమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది, గని ఫోన్ సెట్టింగులల్ల నుంచి చేపిచ్చే దారి ఇంకా ఉంది.

చూసుకునుడు గిట్ల: *#21# కొడితే ఫార్వర్డ్ ఉందో లేదో చెప్తది. ##002# కొడితే అన్నీ రద్దయితయి. కొన్ని నెట్‌వర్కులల్ల ఈ కోడ్ పనిచేయకపోవచ్చు. అప్పుడు ఫోన్ యాప్ తెరిచి, సెట్టింగ్స్‌ల కాల్ ఫార్వర్డింగ్ అని ఉంటది, ఆడ అన్నీ ఆఫ్ ఉన్నయా చూడున్రి.

ఇంకోటి, సంచార్ సాథీ యాప్‌ల మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నయో చూసుకోవచ్చు. మీయి కానియి కనిపిస్తే "నాట్ మై నంబర్" అని కొట్టున్రి. మా దిక్కు చాలామంది ముసలోళ్ల ఆధార్ మీద వాళ్లకు తెల్వని సిమ్‌లు నడుస్తున్నయి. అనుమానం ఉన్న కాల్, మెసేజ్ వస్తే అదే యాప్‌ల చక్షు అని ఉంటది, ఆడ రిపోర్ట్ కొట్టొచ్చు.

#6 సుజాత_కర్నూలు

వేలిముద్రల సంగతి కూడా చూడాలి. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్‌కు కార్డు వద్దు, పిన్ వద్దు, ఓటీపీ వద్దు. ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను కాపీ చేసి, రబ్బరు ముద్రలు తయారుచేసి డబ్బు తీసిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి. మైఆధార్ సైటులోనో ఎంఆధార్ యాప్‌లోనో బయోమెట్రిక్ లాక్ చేసేస్తే సరిపోతుంది.

#7 కృష్ణాతీరం

సుజాత గారూ, పల్లెల్లో ఆ లాక్ పెట్టేముందు ఒకటి ఆలోచించాలి. లాక్ పెడితే రేషన్ డిపోలో, పింఛను దగ్గర కూడా వేలిముద్ర పడదు, 330 అని ఎర్రర్ వస్తుంది. డీలర్ "ముద్ర పడట్లేదు, వచ్చే నెల రండి" అంటాడు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. తాత్కాలికంగా అన్‌లాక్ చేయొచ్చు కానీ ఓటీపీ రావాలి, యాప్ తెరవాలి, పది నిమిషాల్లో పని అయిపోవాలి.

దానికంటే బ్యాంకులో ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీసే వీలునే ఆపేయమని రాసివ్వడం మేలు. ఇది చాలా బ్యాంకుల్లో కుదురుతుంది, కొన్నిటికి యాప్‌లోనే ఉంది. రేషన్‌కూ పింఛనుకూ ఇబ్బంది రాదు. బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే అలవాటున్న ఇళ్లలో మాత్రం ఆ ఖాతాలో నెలకు సరిపడా డబ్బే ఉంచాలి, ఇంకో దారి లేదు.

#8 సుజాత_కర్నూలు

ఒప్పుకుంటాను. రేషన్ కార్డు లేని, పట్నంలో ఉండే పెద్దవాళ్లకు బయోమెట్రిక్ లాక్, మిగతావాళ్లకు బ్యాంకులో ఏఈపీఎస్ ఆపడం.

#9 కౌంటర్_నంబర్_3

డిజిటల్ అరెస్టు గురించి, అంటే పోలీసులమనో సీబీఐ అనో వీడియో కాల్‌లో కేసు పేరు చెప్పి భయపెట్టి డబ్బు లాగడం. ఇందులో సెట్టింగులు పనిచేయవు, మనిషే స్వయంగా బ్రాంచికి వచ్చి డబ్బు పంపుతాడు. రిటైరైన టీచర్లు, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా.

కౌంటర్ దగ్గర గమనించేవి చెబుతాను. మనిషి ఒంటరిగా వస్తారు, జేబులో ఫోన్ కాల్ నడుస్తూ ఉంటుంది. డిపాజిట్ రద్దు చేసి ఆ డబ్బంతా ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాలను వెంటనే వేరే బ్యాంకుకు పంపే పద్ధతి) చేయమంటారు. ఎందుకని అడిగితే స్థలం కొంటున్నామనో బంధువుల ఆపరేషన్ అనో నేర్పించిన సమాధానం చెబుతారు. పంపే ఖాతా ఎక్కడో వేరే రాష్ట్రంలో, ఎప్పుడూ వినని కంపెనీ పేరు మీద కరెంట్ అకౌంట్. ఇలాంటప్పుడు గట్టిగా ప్రశ్నిస్తే వాళ్లు ఇంకా భయపడతారు, అవతలివాడు వింటున్నాడు కదా. ఫోన్ కౌంటర్ మీద పెట్టించి, సంతకం కావాలని మేనేజర్ గదిలోకి తీసుకెళ్లి, "ఎవరైనా కేసు అంటున్నారా?" అని తెల్లకాగితం మీద రాసి చూపించాలి. చాలామంది అక్కడే ఏడ్చేస్తారు.

ఆర్‌టీజీఎస్ వెళ్తే నిమిషాల్లో అవతల ఖాతాలో పడిపోతుంది, వెనక్కి లాగలేం. ఖాతా నంబర్ కొట్టాక అవతలి ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 నాటికి అన్ని బ్యాంకులూ పెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. "రిజర్వు బ్యాంకు వెరిఫికేషన్ ఖాతా" అని చెప్పి ఏదో ట్రేడర్స్ పేరు చూపిస్తే ఆ ఒక్క చూపుతో ఆగవచ్చు. రిజర్వు బ్యాంకు మామూలు మనుషులకు ఖాతాలు తెరవదు, ఎవరి డబ్బూ "పరిశీలన"కు తీసుకోదు.

#10 వకీలు_రామం

చట్టం వైపు నుంచి మూడే మాటలు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. పోలీసులు విచారణకు పిలవాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలోది) సెక్షన్ 35 కింద నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వీడియో కాల్‌లో కోర్టు హాలు, సీబీఐ ఆఫీసు, యూనిఫాం ఏది చూపించినా కాల్ కట్ చేయడం నేరం కాదు. ఇది పెద్దవాళ్లకు గట్టిగా చెప్పాలి. చదువుకున్నవాళ్లు ఎక్కువగా చిక్కేది "కాల్ పెట్టేస్తే ధిక్కారమవుతుందేమో" అన్న భయంతోనే.

#11 సహాయ_డెస్క్_నెల్లూరు

డబ్బు పోయిన తర్వాత ఏం చేయాలో క్రమంగా రాస్తున్నాను. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలే లెక్క. మొదటి ఖాతాలో పడిన డబ్బు ముక్కలై నాలుగైదు ఖాతాల్లోకి, అక్కడి నుంచి ఇంకో పది ఖాతాల్లోకి వెళ్తుంది. ఏటీఎంలో నోట్లుగానో క్రిప్టోగానో మారిపోయాక పట్టుకునేది దాదాపు ఏమీ ఉండదు. మొదటి రెండు మెట్లలో ఉండగా ఆపగలిగితేనే వెనక్కి వచ్చే వీలు.

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు కస్టమర్ కేర్ కంటే ముందు ఇదే, ఎందుకంటే ఇక్కడ నమోదైన ఫిర్యాదు డబ్బు వెళ్లిన బ్యాంకుకు కూడా చేరుతుంది. మీ బ్యాంకు మీ ఖాతాను మాత్రమే ఆపగలదు. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు 1930, ఇంకొకరు బ్యాంకు. లైను కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆర్థిక మోసం విభాగంలో నేరుగా నమోదు చేయండి. బ్యాంకు నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనక ఉన్నదే చేయండి. వెతికితే వచ్చే నంబర్లలో దొంగవీ ఉంటాయి.

వాళ్లు అడిగేవి ముందే చేతిలో పెట్టుకోండి: ఖాతా నంబర్, బ్యాంకు పేరు, ఎంత, ఏ తేదీ, ఎన్ని గంటలకు, పన్నెండంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీకి బ్యాంకులు ఇచ్చే గుర్తింపు సంఖ్య), అవతలి ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ. యూటీఆర్ యూపీఐ యాప్‌లో హిస్టరీలో ఆ చెల్లింపు మీద నొక్కితే ఉంటుంది, యూపీఐ రిఫరెన్స్ నంబర్ అని కూడా రాస్తారు. చాలామంది "టీ" అక్షరంతో మొదలయ్యే యాప్ నంబర్ చదువుతారు, దాంతో బ్యాంకులకు పని జరగదు.

ఎక్కువ ఫిర్యాదులు చెడిపోయేది తర్వాతి మెట్టులో. ఐదు సార్లుగా లక్షా ఇరవై వేలు పోతే, "మొత్తం 1,20,000" అని ఒక్క పద్దుగా రాస్తారు. అలా రాయొద్దు. ఐదు లావాదేవీలు ఐదు పద్దులుగా, ఒక్కోదానికి దాని యూటీఆర్, దాని మొత్తం. ఒక్కోటి ఒక్కో బ్యాంకుకు వెళ్లి ఉండొచ్చు. పద్దు లేని బ్యాంకుకు ఆపమనే సందేశం వెళ్లదు.

ఫోన్‌కు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వస్తుంది. 1930లో చెప్పింది మొదటి సమాచారమే, 24 గంటల్లోగా పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి. ఆ తర్వాత బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి వాళ్ల ఫిర్యాదు నంబర్ కూడా తీసుకోండి.

#12 ఓరుగల్లు_భాస్కర్

ఏపీకే ఎక్కిన ఫోన్‌ను ఎంటనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలె కద?

#13 ఆండ్రాయిడ్_అన్న

వెంటనే కొట్టొద్దు భాస్కర్ గారూ. సాక్ష్యం పోతుంది. ముందు ఏరోప్లేన్ మోడ్, వైఫై ఆఫ్. దాంతో దొంగకు మీ ఫోన్‌తో సంబంధం తెగిపోతుంది. సిమ్ తీసి మామూలు ఫోన్‌లో వేసి అక్కడి నుంచి 1930కి చేయండి, బ్యాంకు ఓటీపీలు కూడా ఇక అందులోకే వస్తాయి. ఏపీకే వచ్చిన చాట్, పంపిన నంబర్, బ్యాంకు మెసేజ్‌లు, ఇన్‌స్టాల్ అయిన యాప్ పేరు, ఇవన్నీ ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ చాట్ తుడిచేయొద్దు. పోలీసులు ఫోన్ చూడాలంటే రీసెట్ ఆపండి.

అక్కర్లేదంటే, ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసుకుని రీసెట్ చేయండి. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదు, ఆ యాప్ గుర్తు తెర మీద కనపడకుండా దాక్కుంటుంది, డివైస్ అడ్మిన్ అనుమతి తీసుకుని తీసేయనివ్వదు. రీసెట్ తర్వాత పాత బ్యాకప్‌లోంచి యాప్‌లు దించుకోకుండా ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటే వేసుకోండి. యూపీఐ పిన్, జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చడం ఆ ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లో చేయాలి, అదీ రీసెట్‌కు ముందే.

#14 వకీలు_రామం

బ్యాంకు బాధ్యత గురించి 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఉంది. దీన్ని చదవకుండానే చాలామంది బ్యాంకు చెప్పింది నమ్మి తిరిగొస్తారు.

తప్పు బ్యాంకుదీ కాదు మనదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందనుకోండి. డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి మెసేజ్ అందిన తర్వాత మూడు పనిదినాల్లో మనం బ్యాంకుకు చెబితే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000, బేసిక్ సేవింగ్స్ ఖాతాకు 5,000 మన మీద పడుతుంది. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పాలసీ. మన నిర్లక్ష్యం వల్ల పోతే చెప్పేంతవరకూ పోయింది మనదే, కానీ చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే చెప్పిన టైము ముఖ్యం, ఫిర్యాదు నంబర్ మీద నిమిషాలతో సహా ఉండాలి. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుడిదని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే.

"మీరే యాప్ వేసుకున్నారు కాబట్టి మీదే తప్పు" అనేది ఎప్పుడూ చెల్లదు. కొన్న వస్తువు వాపసు చేయబోయి, దొంగ కస్టమర్ కేర్ మాటకు యాప్ వేసుకుని 94 వేలు పోగొట్టుకున్న ఖాతాదారుకు బ్యాంకే కట్టాలని గౌహతి హైకోర్టు చెబితే, 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అతను 24 గంటల్లోగా ఫిర్యాదు చేశాడు. అదే కేసుకు బలం.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, కాదన్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448. పిన్ కొట్టి మనమే పంపిన డబ్బుకు ఈ సర్క్యులర్ పెద్దగా అక్కరకు రాదు, ఆశ పెట్టను. అక్కడ 1930 ఆపిన డబ్బే దిక్కు.

#15 డల్లాస్_తెలుగు

ఇక్కడి నుంచి అమ్మానాన్నలకు ఏం చేయగలం? పైన చెప్పినవాటిలో చాలావరకు పక్కన కూర్చుని చేయాల్సినవే. ఇంకో సంగతి, ఇక్కడ పింఛను పొదుపు మొత్తాలు షేర్ మార్కెట్ పేరుతో పోతున్నవాళ్లు ఎక్కువ, ఇండియాలోనూ అంతేనా?

#16 కృష్ణాతీరం

అంతేనండి. పెద్ద మొత్తాలు పోయేది అందులోనే. వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, అందులో సగం మంది వాళ్ల మనుషులే. యాప్‌లో లాభం కనిపిస్తుంది. మొదట ఐదు వేలో పది వేలో నిజంగానే వెనక్కి ఇస్తారు. ఆ తర్వాత పెద్ద మొత్తం వేయించి, తీసుకోబోతే పన్ను కట్టాలంటారు. ఆ "పన్ను" కూడా పోతుంది. అసలు బ్రోకర్ మీ లాభంలోంచే కోసుకుంటాడు, పన్ను ముందు కట్టమని ఎవరూ అడగరు.

ఆపడానికి గట్టి గుర్తు ఒకటి వచ్చింది. 2025 అక్టోబర్ 1 నుంచి సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) నమోదున్న బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు ప్రత్యేక యూపీఐ ఐడీ ఉంది. అందులో ఎట్ గుర్తు తర్వాత "వాలిడ్" అని, వెంటనే బ్యాంకు పేరు ఉంటుంది. గుర్తుకు ముందు బ్రోకరైతే "బీఆర్‌కే", ఫండైతే "ఎంఎఫ్". కట్టేటప్పుడు తెర మీద ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు బొమ్మ వస్తుంది. ఇవి లేకుండా ఏదో ఎంటర్‌ప్రైజెస్ కరెంట్ ఖాతాకు పంపమన్నారంటే అక్కడే ఆగాలి.

దూరం నుంచి చేయగలిగింది: ఈమెయిల్ అలర్టులు మీకు పెట్టించుకోండి, ఊళ్లో ఒక నమ్మకమైన మేనల్లుడికో పక్కింటి పిల్లాడికో ఈ థ్రెడ్ పంపి ఒక ఆదివారం కూర్చోబెట్టండి. డబ్బు పోతే 1930 వాళ్ల చేత ఇక్కడి ఫోన్ నుంచే చేయించండి, అదే సమయంలో పోర్టల్ పని మీరు అక్కడి నుంచి చూడొచ్చు. అక్కడ మీకే కాన్సులేట్ నుంచి అంటూ పాస్‌పోర్టు గొడవ చెబుతూ కాల్ వస్తే, నంబర్ కాన్సులేట్‌దే కనిపించినా నమ్మొద్దు, నంబర్‌ను అలా చూపించడం వాళ్లకు సులువు.

#17 సుజాత_కర్నూలు

ఆపిన డబ్బు వెనక్కి రావడం ఎలా? "లీన్ పడింది" అంటారు, అక్కడే ఆగిపోతుంది.

#18 వకీలు_రామం

లీన్ అంటే అవతలి ఖాతాలో ఆ మొత్తం కదలకుండా పెట్టారని. మీ చేతికి రావాలంటే మామూలుగా కోర్టు ఉత్తర్వు కావాలి. ఎఫ్‌ఐఆర్ అయితే ఆ స్టేషన్ పరిధి మేజిస్ట్రేట్ దగ్గర నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 503 కింద పిటిషన్. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా వీటిని పెద్ద ఎత్తున తేలుస్తోంది, ఖర్చు తక్కువ. లోక్ అదాలత్ తేదీకి ముందే స్టేషన్‌కు వెళ్లి మీ అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ జాబితాలో చేరిందో లేదో కనుక్కోండి. పట్టుకెళ్లాల్సినవి: ఫిర్యాదు కాపీ, డబ్బు పోయిన రోజు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ ముద్రతో, ఆధార్, పాన్, డబ్బు పడాల్సిన ఖాతా రద్దు చెక్కు. స్టేట్‌మెంట్‌లో యూటీఆర్, ఫిర్యాదులో యూటీఆర్ ఒక్క అంకె తేడా ఉన్నా వాయిదా పడుతుంది.

తప్పు చేయనివాళ్ల ఖాతా కూడా ఆగిపోతుంటుంది. కిరాణా దుకాణానికి దొంగ డబ్బులోంచి 200 రూపాయలు వచ్చినా ఖాతా అంతా ఫ్రీజ్ చేసేస్తారు. బ్యాంకు నుంచి ఏ రాష్ట్రం పోలీసులు, ఏ ఫిర్యాదు నంబర్, ఎంత మొత్తం అనేది రాతలో తీసుకుని, ఆ మొత్తం వరకే ఆపమని ఆ అధికారికి మెయిల్ పెట్టండి, అమ్మిన బిల్లు జతచేయండి. ఆపడం అనుమానం ఉన్న మొత్తం వరకే ఉండాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది, దాన్ని ఉదహరించవచ్చు.

కాలేజీ పిల్లలకు ఒక మాట. కమీషన్ ఇస్తామంటే ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కిట్‌గా ఇచ్చేవాళ్లు తాము డబ్బు ముట్టుకోలేదు కదా అనుకుంటారు. పోలీసులు మొదట వచ్చేది వాళ్ల ఇంటికే, ఎందుకంటే కాగితాల మీద దొరికే పేరు వాళ్లదొక్కటే.

#19 సహాయ_డెస్క్_నెల్లూరు

రామం గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఫిర్యాదు చేసిన వారం పది రోజుల్లో మళ్లీ కాల్ వస్తుంది: "మీ డబ్బు దొరికింది, రిలీజ్ చేయడానికి ప్రాసెసింగ్ ఫీజు కట్టండి". పోయిన మొత్తం, తేదీ సరిగ్గా చెబుతారు, ఎందుకంటే మొదట దోచినవాళ్లే చేస్తున్నారు, లేదా ఆ జాబితా కొన్నవాళ్లు. సైబర్ పోలీసులైనా కోర్టయినా డబ్బు తిరిగివ్వడానికి యూపీఐలో ఫీజు తీసుకోదు. ఫేస్‌బుక్‌లో "పోయిన డబ్బు రికవరీ చేస్తాం" అని ప్రకటనలు ఇచ్చేవాళ్లూ ఇదే కోవ.

ఆ కాల్ వస్తే ఆ నంబర్‌ను పాత అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్‌తో సహా మీ కేసు చూస్తున్న అధికారికి ఇవ్వండి, చక్షులో కూడా పెట్టండి. ఒకసారి డబ్బు పోయిన ఇంట్లో ఆ నెలంతా తెలియని నంబర్ల కాల్స్‌ను ఇంకొకరు ఎత్తేలా చూసుకోండి.